సమస్య: పిల్లిఁ జంపినఁ బుణ్యము వెల్లివిరిసె

నిర్వాహకుడు: తేటగీతి పాదం ఇచ్చాను, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. మన దగ్గర పిల్లిని చంపిన పాపం బంగారు పిల్లిని దానమిచ్చినా పోదంటారు కదా, దాన్ని తిరగేశాను. దత్తాంశం (పూరణలో చెప్పాల్సిన విషయం) 1665 నాటి లండన్ ప్లేగు. ఆ ఏడు నగరంలో పందులు, కుక్కలు, పిల్లులు, పెంపుడు పావురాలు, కుందేళ్లు ఉండకూడదని లార్డ్ మేయర్ ఆజ్ఞ. వాటి ఒంటి మీదుగా అంటు పాకుతుందని భయం. అధికారిక లెక్కల్లోనే ఆ ఏడాది ప్లేగు చావులు 68,596. సెప్టెంబరులో ఒక్క వారానికే 7,165.

గోదారిగట్టు:

లండనను వీట మారి చెలంగుచుండఁ
గుక్క పిల్లుల మీఁదనే కోప మొదవె;
కలుగులో నొక్క యెలుక తాఁ గులుకుచు ననె
"పిల్లిఁ జంపినఁ బుణ్యము వెల్లివిరిసె!"

నిర్వాహకుడు: పుణ్యాన్ని ఎలుక ఖాతాలో వేశారు, భేష్! మూడో పాదంలో మాత్రం అక్షరయతి (పాదం మొదటి అక్షరం, నడిమి యతి అక్షరం కలవడం) లేదు. 'క'కి 'గు'తో స్వరమైత్రి (అచ్చుల పొత్తు) లేదు; 'కలు - గులు' ప్రాసయతితో (రెండో అక్షరాలు కలవడంతో) చెల్లుతుంది. "కలుగులో నెలుకలు గూడి కలకల ననె" అంటే అక్షరయతీ కుదురుతుంది.

గోదారిగట్టు: సవరణకి ధన్యవాదాలండీ. అదే ఉంచుతాను.

చరిత్రపురుగు: పూరణ బాగుంది కానీ ఒక్క మాట. అప్పట్లో రోగం ఎలుక వల్ల వస్తుందని ఎవరికీ తెలీదు. గాలి చెడిందనుకుని వీధుల్లో మూడు రోజులు మంటలు వేశారు, పొగాకు పీల్చారు. ప్లేగు క్రిమిని యెర్సిన్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్‌లో పట్టుకున్నది 1894లో. ఎలుక మీది గోమారే (ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగు) దాన్ని మోస్తుందని సిమాండ్ అనే మరో శాస్త్రవేత్త 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. కాబట్టి ఈ పద్యంలో అసలు సంగతి తెలిసింది ఎలుకకే!

నల్లసిరా: నాది క్రమాలంకారం: మూడు ప్రశ్నలకి చివరి పాదంలో వరసగా మూడు జవాబులు.

ఎలుక లెప్పుడు మురిసెనో? యీము జనుల
కేది దక్కెను దమ యూరు గీటు దాట
కున్న? మారి వోఁ బురి యెటు లున్న దపుడు?
పిల్లిఁ జంపినఁ - బుణ్యము - వెల్లివిరిసె

ఈము ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఓ పల్లె. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన గుడ్డలతో మారి దిగిందంటారు. పాదరీ మాంపెసన్ మాట మీద ఊరివాళ్లు పొలిమేర దాటలేదు. బయటివాళ్లు సరుకులు సరిహద్దులో పెట్టి వెళ్తే, వీళ్లు నాణేలు వెనిగర్‌లో వేసి ఉంచేవాళ్లు. సుమారు 260 మంది పోయారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు బిడ్డల్నీ తన చేతులతోనే పాతిపెట్టింది.

నిర్వాహకుడు: 'కున్న - లున్న' ప్రాసయతి చక్కగా కుదిరింది. ఆ ఇల్లాలి కథ చదివాక "పుణ్యము" అన్న జవాబు కాస్త గొంతుకి అడ్డం పడుతోంది, అయినా మార్చమనను.

చరిత్రపురుగు: మూడో జవాబు ఒప్పుకోను. మారి తగ్గిన మర్నాడే లండన్ వెల్లివిరిసిందా? 1666 సెప్టెంబరులో మహాగ్నికి 13,200 ఇళ్లు కాలిపోయాయి!

నల్లసిరా: ఫిబ్రవరిలోనే రాజు తిరిగొచ్చాడు, కొట్లు తెరుచుకున్నాయి. సెప్టెంబరు దాకా నా జవాబు చెల్లుతుంది లెండి.

మట్టివాసన:

కొట్లు మూసిరి కొలువులు కూలిపోయె
పొట్ట కూటికి నేఁ గుక్క పోటువాఁడ
నాదు బిడ్డల కిరుపూట నబ్బెఁ గూడు
పిల్లిఁ జంపినఁ బుణ్యము వెల్లివిరిసె

నిర్వాహకుడు: ఈ వారానికి మేటి పూరణ ఇదే. అందరూ ఎలుకలనీ మేయర్నీ చూస్తే మీరు ఆ పని చేసిన కూలివాణ్ణి చూశారు. ధనికులు బళ్లు కట్టుకుని పల్లెలకి పారిపోయాక పనివాళ్లకి మిగిలినవి ఇలాంటి కొలువులే: కుక్కల్ని చంపడం, శవాల బండి తోలడం, రోగం సోకి తాళం పడ్డ ఇంటి ముందు కాపలా. సంస్కృత సమాసం ఒక్కటీ లేకపోవడం వాడి నోటికి సరిపోయింది.

గోదారిగట్టు: అద్భుతం. చిన్న సందేహమండీ. రెండో పాదంలో కుక్క, నాలుగో పాదంలో పిల్లి. ఆజ్ఞలో కూడా చంపడానికి మనిషిని పెట్టింది కుక్కలకే కదా?

మట్టివాసన: నిజమే. కానీ నిర్వాహకులిచ్చిన పాదంలో ఉన్నది పిల్లి. అయినా వాడికి కూలి ముఖ్యం గానీ తోక ఎవరిదైతేనేం?