అప్‌డేట్: విజ్ఞాపన ప్రార్థన పేర్లు చదవడంగా మారిపోతోందన్న ప్రశ్నకు

విజ్ఞాపన ప్రార్థనలో, అంటే ఇతరుల కోసం దేవుణ్ణి వేడుకునే ప్రార్థనలో, 42 మంది పేర్లు రోజూ చదువుతుంటే మనసు నిలవడం లేదని, ఏం చేయాలని అడిగాను. సమాధానాలిచ్చిన వారందరికీ వందనాలు. పాటించి చూశాక తేలింది ఇది.

పేర్లను వారంలోని ఏడు రోజులకు విడదీసుకోవాలి, రోజుకు ఆరు. తీవ్ర అనారోగ్యంలో ఉన్నవారి పేర్లు మాత్రం ప్రతిరోజూ. పేరు పక్కన అడిగిన తేదీ, ఒకే ఒక్క మనవి రాయాలి. “ఆశీర్వదించు ప్రభువా” అని అందరికీ ఒకే మాట వాడితే ఎవరి కోసం అడుగుతున్నామో మనకే గుర్తుండదు. మాటలు దొరకనప్పుడు బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలోని ప్రార్థన (1:9-12) తీసుకుని “మీరు” ఉన్నచోట ఆ మనిషి పేరు పెట్టండి: దేవుని చిత్తం గ్రహించడం, ఓర్పు, దీర్ఘశాంతం, కృతజ్ఞత. పౌలు అక్కడ కష్టం తీసేయమని అడగలేదు, ఇది గమనించాల్సిన సంగతి. స్వస్థత అడగకూడదని కాదు, రోగి కోసం ప్రార్థించమని యాకోబు 5:14-16 ఉంది కదా.

అసలు చెడేది గుంపుగా కూడి ప్రార్థించేటప్పుడు. ప్రార్థన మనవి పేరుతో ఇంటి గుట్టు బయటపడుతుంది. ఆ మనిషి అనుమతి లేకుండా వివరాలు చెప్పకండి. పేరు చాలు, అదీ వద్దంటే “ఒక సహోదరి” చాలు.

జవాబు వచ్చిన పేరు కొట్టేయకండి. 1 తిమోతి 2:1లో విజ్ఞాపనలతోపాటు కృతజ్ఞతాస్తుతులూ ఉన్నాయి. ఆ వారమంతా స్తుతికి ఉంచండి.