సున్నా నంబరు పోర్టు "మొదటిదా", "ఒకటోదా"?

అనంతపురం చుట్టుపక్కల మండీల్లో శెనక్కాయల మూటలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలను కంప్యూటరుకు కలిపే పని నాది. తొమ్మిది పిన్నుల సీరియల్ కేబులు ఒకటి కాటా నుంచి కంప్యూటరు వెనక ఉండే సాకెట్టుకు, అంటే పోర్టుకు వెళ్తుంది. ఈమధ్య ఒకచోట కంప్యూటరును నడిపే విండోస్ తీసేసి, దాని బదులు లినక్స్ వేశారు. కాటా దగ్గర కూర్చునే పిల్లోడి కోసం తెలుగులో కాగితం రాసి గోడకు అంటించాను: "కేబులు ఒకటో పోర్టుకు పెట్టాలి. ప్రోగ్రాములో కూడా అదే ఎంచుకోవాలి."

పిల్లోడు నేను రాసినట్టే చేశాడు. చివర 1 ఉన్న పేరు నొక్కాడు. తెర మీదికి బరువు రాలేదు. బయట ట్రాక్టర్లు నిలబడిపోయాయి, నాకు ఫోను మీద ఫోను, ఒకటే టెన్షన్. తప్పు వాడిది కాదు, నేను రాసిన మాటది.

విండోస్‌లో కామ్1 అనే పేరున్న పోర్టుకే లినక్స్‌లో టీటీవైఎస్0 అని పేరు. కామ్2 అయితే టీటీవైఎస్1. పేరు మారినా వెనక సాకెట్టు అదే, కామ్1కు కంప్యూటరు లోపల ఉండే చిరునామా 3ఎఫ్8 కూడా అదే. లెక్క ఎత్తుకునే చోటే వేరు.

ఇక్కడ మన తెలుగులో మంచి తేడా ఒకటి ఉంది. "మొదటి" అనేది మొదలు నుంచి వచ్చింది. చెట్టు మొదలు అంటాం చూడండి, అందులో సంఖ్య లేదు. "ఒకటో"లో ఒకటి ఉంది. బడిలో ఒకటో తరగతి, రైల్లో మొదటి తరగతి. జీతం ఒకటో తారీకున వస్తుంది, కాన్పు మాత్రం మొదటిదే. "ఒకటో కాన్పు" అని ఎవరూ అనరు. కాబట్టి టీటీవైఎస్0 మొదటి పోర్టే గాని ఒకటో పోర్టు కాదు. సున్నాకు "ఓ" చేర్చి "సున్నో" అనలేం, "సున్నావ" చెవికి ఆనదు. "సున్నా నంబరు పోర్టు" అంటే సరిపోతుందా? పెద్దలు చెప్పాలి.

కడప నుంచి ఒకరు:
అన్నా, మరి నేల మీది ఇంటిని మొదటి అంతస్తు అనం గదా? దాని పైదాన్నే అంటాం. అక్కడ "మొదటి" సున్నా దాటి మొదలైనట్టే గదా?

నా జవాబు:
మన పక్క అంతస్తు అంటే మిద్దె మీద వేసేది. అందుకే దాని మొదలు మిద్దె మీదే. నేల మీది ఇల్లు ఆ లెక్కలోకే రాదు.

కర్నూలు నుంచి ఒక టీచరమ్మ:
బాబూ, కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మా నాయన తొలి కొలతను "ఒకటి" అనేవాడు కాదు. "లాభం" అని, ఆ తర్వాత "రెండు" అనేవాడు. తొలిదానికి ఒకటి అనే పేరే ఉండాలని మనవాళ్లు ఎప్పుడూ పట్టుబట్టలేదు.

నా జవాబు:
ఎంత మంచి మాట చెప్పారమ్మా! ఆ సున్నా కూడా "లాభం" లాంటి పేరే. లినక్స్ లోపల ఆ పోర్టును గుర్తుపట్టేది 4, 64 అనే జంట అంకెలతో. ఆ 4 కిందనే 0 నుంచి 63 వరకు తెర కన్సోళ్లకు (తెర, కీబోర్డులతో పనిచేసే చోట్లకు) పోయాయి, సీరియల్ పోర్టులు 64 నుంచి మొదలు. మనకు సున్నాగా కనిపించేది లోపల అరవై నాలుగు.

కడప నుంచి వారే:
యూఎస్‌బీ కేబులుకైతే ఊడబెరికి మళ్లీ గుచ్చితే పేరు చివర 0 పోయి 1 వస్తోందే. దాన్ని ఏమనాలి?

నా జవాబు:
దాన్ని వరస అనాలి తమ్ముడూ. ప్రోగ్రాము పాతదాన్ని ఇంకా వదలకుండా పట్టుకుని ఉంటే, కొత్తగా గుచ్చినదానికి తర్వాతి నంబరు పడుతుంది. ఇంట్లో పెద్దోడు, నడిపోడు అని పిలిచేది వరసను బట్టి. పేరు వేరే ఉంటుంది గదా. లినక్స్ అలాంటి పేరు కూడా ఇస్తుంది: బై-ఐడీ అనే ఫోల్డరులో తయారుచేసినవాళ్ల పేరు, కేబులుకు ఉంటే దాని సొంత సీరియల్ నంబరు. ఎన్నిసార్లు గుచ్చినా అది మారదు. యూఎస్‌బీ కాటాలకు నేను ఆ పేరే వాడుతున్నాను.

గోడ మీది కాగితం మాత్రం నిన్ననే మార్చాను: "కేబులు ఎడమ సాకెట్టుకు పెట్టాలి. ప్రోగ్రాములో చివర సున్నా ఉన్న పేరు నొక్కాలి."