హాల్లో 5.1 పెట్టాలా, సౌండ్‌బార్ చాలా? సోమవారం పీఓపీ వాళ్లు వస్తున్నారు

కొత్తిల్లు_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో ఫ్లాట్ తీసుకున్నాం. హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. డైనింగ్ వైపు సగం గోడే ఉంది, ఎదురుగా బాల్కనీకి గాజు తలుపులు, కింద విట్రిఫైడ్ టైల్స్. టీవీ కాకుండా లక్ష లోపు పెట్టగలను. సౌండ్‌బార్ సరిపోతుందా, 5.1 కోసం రిసీవర్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ డబ్బా), ఐదు స్పీకర్లు, లోతైన బేస్‌కి ఒక సబ్‌వూఫర్ విడిగా కొనాలా? వైర్లు పీఓపీ (ఫాల్స్ సీలింగ్) పైనుంచి తీయాలా, గోడ కొట్టించాలా? అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి) అవసరమా? మా బావగారు వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్నారు. రిసీవర్లు అక్కడ చవకట, ఒకటి తెమ్మని చెప్పనా? అన్నిటికంటే ముఖ్యం, అమ్మకి సినిమాల్లో మాటలు వినపడటం లేదు. త్వరగా చెప్పండి, పీఓపీ పని సోమవారం మొదలు.

బెజవాడ_బేస్
సబ్‌వూఫర్ ఎక్కడ పెడతారో ముందు తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. 18 అడుగుల పొడవుకి 31 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పుకి 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య కొట్టుకుంటూ నిలిచిపోతుంది. సోఫాలో ఒక చివర గుండె అదురుతుంది, రెండడుగులు జరిగితే బేసే ఉండదు. షాపులో విన్నది ఇంటికొచ్చాక మారిపోయిందని అందరూ అనేది ఇందుకే.

నేను సబ్‌ని ఎత్తి సోఫాలో, మనిషి కూర్చునే చోట పెట్టాను. బేస్ గిటార్ ఎడతెగకుండా సాగే పాట ఒకటి వేసి, గోడల వెంట పాకుతూ విన్నాను. బేస్ సమంగా, విడివిడిగా వినపడిన చోటికి సబ్ మార్చాను. అది టీవీ పక్క మూల కాదు, ఎడమ గోడ మధ్యలో. ఇప్పుడు నా 8 అంగుళాల సబ్ ముందు మా తోడల్లుడి 12 అంగుళాలది నిలవదు. ఆయనే ఒప్పుకున్నాడు.

మూడో_అంతస్తు
మీ గుండె అదిరితే కింద ఫ్లాట్‌లో ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మా పైన ఒకాయన రాత్రి పదకొండుకి సినిమా మొదలుపెడతాడు. మాటలు రావు, పాటలు రావు, ఒక్క ధడ్ ధడ్ మాత్రం స్లాబులోంచి దిగుతూ ఉంటుంది. పాపకి ఇంటర్ పరీక్షలు. చెప్తే వాల్యూమ్ తగ్గించానంటాడు, నిజంగానే తగ్గించి ఉంటాడు, అయినా సబ్ ఆగదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి సబ్‌వూఫర్ వద్దు. అంతే.

బెజవాడ_బేస్
అంతే అంటే ఎలాగండీ? సబ్ తీసేస్తే 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా చిన్న స్పీకర్ల మీద పడుతుంది, అవి చీదుతాయి. పది దాటాక సబ్ లెవెల్ తగ్గించి నైట్ మోడ్ పెట్టుకోమనండి మీ పైవాళ్లని. దాదాపు ప్రతి రిసీవర్‌లోనూ ఉంటుంది.

మూడో_అంతస్తు
ప్రతి రిసీవర్‌లో ఉన్నది ప్రతి మనిషీ వాడడు. రాత్రులు నిద్ర లేనిది నాకు, మీకు కాదు.

డాలస్_తెనాలి
బావగార్ని తప్పకుండా తెమ్మనండి. నేను మా నాన్నగారికి తెనాలికి డెనాన్ రిసీవర్ పట్టుకెళ్లాను. థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొన్నాను, ఇండియా ధరకీ దానికీ పోలికే లేదు. అక్కడే 230 నుంచి 110 చేసే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాం. బ్రహ్మాండంగా నడుస్తోంది. నాన్నగారు రోజూ పొద్దున భక్తి పాటలు అందులోనే వింటారు.

సోల్డర్_మాస్టారు
తెమ్మనొద్దు. నేను 1988 నుంచి ఆంప్లిఫయర్లు కడుతున్నాను. ఎల్ఏ4440 ఐసీతో మొదలుపెట్టి, ఎస్‌టీకే ఐసీలు వేసి, ఊళ్లో పెళ్లి పందిళ్లకి కూడా కట్టిచ్చాను. కోఠి గుజరాతీ గల్లీలో నన్ను తెలియని షాపు తక్కువ. కాబట్టి తెలిసే చెప్తున్నాను.

స్టెప్ డౌన్ వోల్టేజి తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. రిసీవర్ వెనక 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఆ లెక్కకే చుట్టి ఉంటుంది. దాన్ని 50 మీద నడిపితే కోరులో, అంటే లోపలి ఇనుప దిమ్మలో, ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది. కోరు నిండిపోతే గూంయ్‌మంటుంది, వేడెక్కుతుంది. మే నెలలో, గాజు తలుపుల టీవీ యూనిట్‌లో ఆ వేడి ఎటు పోతుంది?

డాలస్_తెనాలి
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ నాన్నగారి దగ్గర అది రెండు వేసవులు దాటేసింది, గూంయ్ లేదు, గాయ్ లేదు. 110 ఇచ్చామంటే 120 కంటే తక్కువే కదా? వోల్టేజి తగ్గితే ఫ్లక్స్ కూడా తగ్గుతుంది. మీ లెక్కలో అది కలపలేదు.

సోల్డర్_మాస్టారు
కలిపే చెప్పాను. 120కి బదులు 110 ఇస్తే ఫ్లక్స్ ఎనిమిది శాతమే తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ వల్ల పెరిగింది 20 శాతం. మొత్తమ్మీద పది శాతం పెరుగుదల మిగిలింది. పైగా తెనాలిలో రాత్రి తొమ్మిదికి వోల్టేజి ఎంత ఉంటుందో, అర్ధరాత్రి దాటాక ఎంత ఉంటుందో మీటరు పెట్టి చూడమనండి నాన్నగార్ని. లైను 250కి ఎక్కితే మీ 110 కాస్తా 120 అవుతుంది. భక్తి పాటలు చిన్న వాల్యూమ్‌లో వింటారు కాబట్టి నిలబడింది. యుద్ధం సీను పెట్టి గంట నడపమనండి.

డాలస్_తెనాలి
మా నాన్నగారు ఎలా వింటారో మీరు చెప్పనక్కర్లేదు. నడుస్తున్న వస్తువుని నడవదని వాదించడం పద్ధతి కాదు.

సోల్డర్_మాస్టారు
నడవదనలేదు. ఆయుష్షు తగ్గుతుందన్నాను. నా టేబుల్ మీదికి వచ్చినవి చూసి చెప్తున్నాను.

నెల్లూరు_నివాసి
నాది మధ్యలో చెప్పనివ్వండి. వోల్టేజి, హెర్ట్జ్ అన్నీ పక్కన పెట్టండి. మా ఇంట్లో అమెరికా రిసీవర్ చక్కగా స్టెప్ డౌన్ మీద నడుస్తుండేది. పండక్కి వచ్చిన చుట్టం ఫోన్ చార్జింగ్ కోసం ఆ డబ్బా తీసేసి, రిసీవర్ ప్లగ్గు ఏదో అడాప్టర్‌తో మామూలు బోర్డులో పెట్టాడు. పొగ వచ్చింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇక్కడి బిల్లు లేదని ముట్టుకోలేదు. నలుగురు తిరిగే ఇంట్లో 120 వోల్ట్‌ల వస్తువు పెట్టకండి. అంత మోజు ఉంటే సౌండ్‌బార్ తెప్పించండి, దాని అడాప్టర్ మీద 100 నుంచి 240 దాకా అని రాసి ఉందో లేదో చూసి.

రాజమండ్రి_రేడియో
ఎవరూ చెప్పని ఇంకో సంగతి. అమెరికా రిసీవర్‌లో రేడియో మనకి సరిగా పట్టదు. అక్కడ మీడియం వేవ్ స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ అంతరంతో ఉంటాయి, మనవి 9తో. ఆకాశవాణి విజయవాడ 837, హైదరాబాద్ 738. ట్యూనర్ 830 నుంచి 840కి దూకేస్తుంది, 837 మీద ఆగదు. ఎఫ్ఎం కూడా అంతే, అక్కడివన్నీ బేసి దశాంశాలు. హైదరాబాద్ వివిధభారతి 102.8కి వస్తుంది, చాలా అమెరికా ట్యూనర్లు 102.7 నుంచి 102.9కి పోతాయి. కొన్నిట్లో మార్చే సెట్టింగ్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

డాలస్_తెనాలి
ఫోన్‌లో ఆకాశవాణి యాప్ ఉంది కదండీ.

రాజమండ్రి_రేడియో
యాప్‌లో వినేదాన్ని రేడియో అనను.

కొత్తిల్లు_కూకట్‌పల్లి
అన్నయ్యలూ, బావగార్ని రిసీవర్ తేవద్దని చెప్పేశాను. వైర్ల సంగతి ఎవరైనా చెప్పండి. ఇవాళ శనివారం.

సైటు_సూపర్‌వైజర్
నేను చెప్తాను, నా పని అదే. గోడలు కొట్టించొద్దు, పీఓపీ పైనుంచే తీయండి. కానీ వైరు వదులుగా పీఓపీ మీద పడేయనివ్వకండి, పీవీసీ పైపులో వేయించండి. రేపు వైరు పాడైతే పీఓపీ పగలగొట్టకుండా లాగాలంటే అదొక్కటే దారి. స్పీకర్ వైర్లకి 25 ఎంఎం పైపు చాలు. రిసీవర్ నుంచి టీవీ వెనక్కి పోయే పైపు మాత్రం రెండంగుళాలది వేయండి. హెచ్‌డీఎంఐ ప్లగ్గు తల పెద్దది, చిన్న పైపులో దూరదు. మూలల్లో ఎల్బో పెడతానంటే ఒప్పుకోకండి, లాంగ్ బెండ్ వేయమనండి. ప్రతి పైపులో ఒక నైలాన్ తాడు ఖాళీగా వదిలేయండి.

కరెంటు వైర్ల పక్కనే స్పీకర్ వైరు పరుగెత్తకూడదు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. హెచ్‌డీఎంఐ ఐదు మీటర్లు మించితే మామూలు కేబుల్‌తో 4కె ఆగిపోతూ ఉంటుంది. ఫైబర్‌ది కొనండి. దానికి ఒక కొన టీవీకి, ఒక కొన రిసీవర్‌కి అని గుర్తు ఉంటుంది, పైపులోకి లాగే ముందే చూసుకోవాలి.

వెనక స్పీకర్లకి రెండు పాయింట్లు సోఫాకి పక్కల, కొంచెం వెనగ్గా ఇవ్వండి, కూర్చున్నవాళ్ల చెవి కంటే అడుగు పైన. చాలామంది వెనక గోడకి, సీలింగ్ కింద మూలల్లో బిగించేస్తారు. మొన్న ఒక ఇంట్లో షాపువాళ్లు పంపిన కుర్రాడు సరౌండ్ స్పీకర్లని టీవీ పైన బిగించి వెళ్లిపోయాడు. ఓనరు ఆరు నెలలుగా అలాగే వింటున్నాడు. చూసి నాకు కోపం వచ్చింది.

సోల్డర్_మాస్టారు
వైరు 16 గేజ్ చాలు, 14 అయితే ఇంకా లావు, ఇంకా మంచిది. రాగిదే కొనండి. ఆక్సిజన్ ఫ్రీ కాపర్ అని అట్ట మీద అచ్చు వేసి అల్యూమినియానికి రాగి పూత పూసింది అమ్ముతున్నారు. బ్లేడుతో ఒక పోగు గీకండి. తెల్లగా బయటపడితే తిరిగిచ్చేయండి.

బెజవాడ_బేస్
16 గేజ్‌కి పూత వైరుకీ అసలు రాగికీ చెవికి తేడా తెలియదు మాస్టారూ. పది మీటర్లే కదా.

సోల్డర్_మాస్టారు
చెవికి తెలియకపోవచ్చు. నాలుగేళ్ల తర్వాత స్క్రూ కింద నల్లబడి విరిగిపోయినప్పుడు తెలుస్తుంది. సీలింగ్‌లో దాచేసే వైరు ఒక్కసారే వేస్తాం. అక్కడ కక్కుర్తి పడకూడదు.

హన్మకొండ_శ్రోత
అమ్మగారికి మాటలు వినపడటం లేదన్నది ఇంతమందిలో ఒక్కరికీ పట్టలేదు. మా అత్తగారిదీ ఇదే బాధ. మాట్లాడుతుంటే సౌండ్ పెంచమంటారు, ఫైట్ రాగానే తగ్గించమంటారు. రిమోట్ కోసం ఇంట్లో రోజూ గొడవే.

5.1లో మాటలన్నీ దాదాపు మధ్య స్పీకర్లోంచే వస్తాయి. మీ డబ్బులో పెద్ద వాటా దానికి పెట్టండి. టీవీ కింద అరలో లోపలికి తోసేస్తే శబ్దం మోకాళ్లకి తగులుతుంది. అర అంచు దాకా ముందుకి లాగి, కింద రబ్బరు ముక్క పెట్టి, చెవుల వైపు కాస్త పైకి వంచండి. తర్వాత సెట్టింగ్స్‌లో సెంటర్ లెవెల్ 3 డెసిబెల్స్ పెంచండి. మొత్తం వాల్యూమ్ పెంచడం వేరు, ఇది వేరు. డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఫైట్లు తగ్గి మాటలు పైకొస్తాయి. ఇంకో మాట, మీ టైల్స్, గాజు తలుపులు మాటల్ని చెదరగొడతాయి. మేం వరంగల్ జంపఖానా మందంది ఒకటి టీవీకీ సోఫాకీ మధ్య పరిచాం, గాజు తలుపులకి రెండు పొరల కర్టెన్ వేశాం. స్పీకర్ మార్చకుండానే అత్తగారు రిమోట్ అడగడం మానేశారు.

బెజవాడ_బేస్
అక్కా, జంపఖానా బేస్‌ని ఆపదు. 50 హెర్ట్జ్ అల దాదాపు ఏడు మీటర్లు ఉంటుంది.

హన్మకొండ_శ్రోత
బేస్ ఆపుతుందని నేనెక్కడ అన్నాను తమ్ముడూ? మాటల గురించి చెప్పాను. మళ్లీ చదువు.

మూడో_అంతస్తు
మేడమ్, ఆ కంప్రెషన్ ఎక్కడుంటుందో కొంచెం వివరంగా రాయండి. మా పైవాళ్లకి ప్రింట్ తీసి ఇస్తాను.

పాతపాట
ఒక విన్నపం. ఘంటసాల, లీల, సుశీల గార్ల పాత పాటలు మోనోలో, అంటే ఒకే చానల్‌లో, రికార్డయినవి. కొన్ని మోడ్‌లలో ఈ రిసీవర్లు వాటిని ఐదు స్పీకర్లకి పంచేస్తాయి. అప్పుడు గొంతు సోఫా వెనక నుంచి కూడా వస్తుంది. దయచేసి డైరెక్ట్ లేదా స్టీరియో బటన్ నొక్కి వినండి. ముందు రెండు స్పీకర్లు బాగుంటే చాలు, గొంతు ఎదుట మధ్యలో నిలబడి పాడినట్టే ఉంటుంది. నా ఓటు రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి, స్టీరియో ఆంప్లిఫయర్‌కి. వెనక స్పీకర్ల డబ్బు కూడా వాటిమీదే పెట్టండి.

సైటు_సూపర్‌వైజర్
అట్మాస్ గురించి అడిగారు కదా. పైకి కొట్టే స్పీకర్లు సీలింగ్ చదునుగా ఉంటేనే పనికొస్తాయి. మీ పీఓపీ మెట్లు మెట్లుగా, మధ్యలో పువ్వు డిజైన్‌తో చేయిస్తుంటే శబ్దం ఎటో పోతుంది. ఇప్పుడు కొనకపోయినా సోఫాకి కాస్త ముందు సీలింగ్‌లో రెండు పాయింట్లకి వైరు వేయించి ఉంచండి. టీవీలో ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరు మీదే రిసీవర్‌కి పంపే ఆర్క్‌కి కొత్త రూపం) ఉందో లేదో చూడండి. మామూలు ఆర్క్ అయినా ఓటీటీల అట్మాస్ వస్తుంది. బ్లూరే ప్లేయర్‌ని టీవీకి తగిలిస్తే, దాన్నుంచి వచ్చే ట్రూహెచ్‌డీకి (నాణ్యత తగ్గని ఆడియో) మాత్రం ఈఆర్క్ కావాలి. ఆప్టికల్ వైరు అయితే డాల్బీ డిజిటల్ 5.1 దగ్గరే ఆగిపోతుంది.

కొత్తిల్లు_కూకట్‌పల్లి
పువ్వు డిజైన్ తీయించేశాను, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు, మాట్లాడుతున్నాను. పైపులు, తాడు, రెండంగుళాలది, అన్నీ రాసి ఎలక్ట్రీషియన్‌కి పంపాను. ముందు సెంటర్‌తో కలిపి మూడు స్పీకర్లు, ఇక్కడి బిల్లుతో రిసీవర్ కొంటాను. వెనకవి, సబ్ దసరాకి చూస్తాం. మాది రెండో అంతస్తు, కింద ఒక పెద్దాయన ఉంటారు, ఆయనతో ముందే ఒక మాట చెప్పి ఉంచుతాను.

రాజమండ్రి_రేడియో
సోల్డర్ మాస్టారూ, మీరు ఇంకా ఉన్నారా? మా రిసీవర్‌లో 837 పట్టుతుంది కానీ సాయంత్రం అయ్యేసరికి గర్రుమని ఒకటే రొద. యాంటెన్నా వెనకాలే చుట్టి ఉంది.

సోల్డర్_మాస్టారు
ఉన్నాను. సాయంత్రమే అంటే ఎల్ఈడీ బల్బులు, లేదా సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్. బ్యాటరీ రేడియో ఒకటి 837 మీద పెట్టి, ఇంట్లో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ వినండి, ఏది ఆర్పితే రొద తగ్గిందో చెప్పండి. ఆ లూప్ యాంటెన్నా మాత్రం ఇవాళే టీవీ వెనక నుంచి తీసి కిటికీ దగ్గరికి మార్చండి.