నీరసంగా పుట్టిన బాతుపిల్ల: ఇంట్లో పెట్టుకోవాలా, కోడి కింద వదలాలా?

కాల్వగట్టు (మిర్యాలగూడ దగ్గర):
వానకాలం వరి కోతలయ్యాక మా పొలాల్లో మేపడానికి వచ్చిన బాతులవాళ్ల దగ్గర 9 గుడ్లు కొని, పొదుగుకొచ్చిన నాటుకోడి కింద పెట్టాం. 28వ రోజు నుంచి పెంకులు పగిలాయి. 6 పిల్లలయ్యాయి. చివరిది బయటికి రావడానికి ఒక రోజు మీదే పట్టింది. మెడ నిలపడం లేదు, కాళ్లు రెండు పక్కలకూ జారిపోతున్నాయి. అట్టపెట్టెలో పాత పేపరు పరిచి, పైన బల్బు వేలాడదీసి ఇంట్లో పెట్టాను. అత్తమ్మ మాత్రం కోడి కిందనే వదిలేయమంటోంది. ఏది మంచిది? రాత్రి చలి బాగా ఉంది, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు బాతులు:
మీ అత్తమ్మ చెప్పిందే రైటు చెల్లె. రెక్కల కింద ఉండే వేడి ఏ బల్బూ ఇవ్వదు. పోయిన చలికాలం నేను 11 పిల్లల్ని బల్బు కింద పెట్టిన. రాత్రి కరెంటు పోయింది, నేను నిద్రలో ఉన్న. తెల్లారి చూస్తే అన్నీ ఒక మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి మా ఇంట్లో బల్బు మాటే లేదు.

కృష్ణ ఒడ్డు:
అన్నా, కోడి 21 రోజులకు పిల్లల్ని లేపే జీవి. 28 రోజులు కూర్చోవడమే దానికి ఎక్కువ. నడిచే అయిదింటినీ తీసుకుని పెంటకుప్ప దగ్గరికి పోతుంది, నిలబడలేని దాని కోసం ఆగదు.

అక్కా, ఇంట్లోనే ఉంచండి. మొదటి వారం పిల్ల ఉన్న చోట 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. ముందు ఆ పేపరు తీసేయండి. నున్నగా ఉంటే కాళ్లు ఇంకా విడిపోతాయి. గోనెసంచి ముక్క పరవండి. రెండు కాళ్లనూ మామూలుగా నిలబడేంత ఎడంలో ఉంచి, మెత్తటి టేపుతో వదులుగా కట్టి రెండు మూడు రోజులు చూడండి. మేతకు తొందర లేదు. కడుపులోకి లాక్కున్న పచ్చసొన ఒకటి రెండు రోజులు ఆదుకుంటుంది. నీళ్లు మాత్రం ముక్కు పక్కన చుక్క పెట్టి తనే చప్పరించేలా చేయండి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

దేవరకొండ తమ్ముడు:
ఏ బల్బు పెట్టారు అక్కా?

పాలమూరు బాతులు:
ఇన్ని చెప్పారు, కరెంటు పోతే ఏం చేయాలో చెప్పలేదు. కోడికి కరెంటు పోదు.

కృష్ణ ఒడ్డు:
వేడినీళ్ల సీసా పెట్టుకోవచ్చు. గంటకోసారి లేచి చూసుకోవచ్చు. మీరు లేవలేదని అందరూ లేవరనుకోవద్దు.

పాలమూరు బాతులు:
ఆ మాట ఎందుకమ్మా? పగలంతా నాట్లలో ఉండి వచ్చి పడుకున్నోన్ని. నిర్లక్ష్యం అంటున్నవా?

వనపర్తి చేను:
గొడవ తర్వాత. అక్కా, మేత మొదలుపెట్టాక పల్లి చెక్క మాత్రం పెట్టొద్దు. బూజు పట్టిన పల్లిలో ఉండే అఫ్లాటాక్సిన్ విషానికి బాతుపిల్లలు చాలా తొందరగా చచ్చిపోతాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడే ఈ విషం బయటపడింది. అప్పుడు కూడా కారణం పల్లి పిండే, బాతుపిల్లలు కూడా పోయాయి. మా దగ్గర పల్లి ఎక్కువ కాబట్టి చెబుతున్నా.

కృష్ణ ఒడ్డు:
నిజమే. నూకలు ఒక్కటే పెట్టినా చాలదు. బాతుపిల్లకు బి3 విటమిన్ కోడిపిల్లకన్నా దాదాపు రెట్టింపు కావాలి, తక్కువైతే కాళ్లు వంకర పోతాయి. కోడిపిల్లల దాణాను నీళ్లతో తడిపి, బి3 ఉండే బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి కొంచెం కలిపి పెట్టండి.

పాలమూరు బాతులు:
దాణా, ఈస్టు, రాత్రంతా కరెంటు, మనిషి నిద్ర. ఒక్క పిల్లకు. పెద్దదైనాక ఆ కాళ్లతో గుడ్లు పెడుతుందా?

కృష్ణ ఒడ్డు:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీ బాధ బల్బు గురించి కాదు. నీరసంగా పుట్టింది బతకొద్దంటున్నారు.

పాలమూరు బాతులు:
అవును, అదే అంటున్న. నాకు 60 బాతులు ఉన్నాయి, వాటి మీదనే బతుకుతున్న. అట్లాంటి దాన్ని సాకి, తర్వాత దాని గుడ్లే పొదిగిస్తే మంద మొత్తం బలహీనమైతది. ఒకాయన అట్ల సాకిన బాతుల్ని మంచివని నాకు అంటగట్టిండు. నాలుగు కుంటివి. ఏడాది మేపి, చివరికి సగం ధరకు అమ్మిన.

కృష్ణ ఒడ్డు:
అమ్మేవాడు దాచడం వేరు, సాకడం వేరు. మా ఇంట్లో కుంటి బాతు ఉంది, ఆరేళ్ల నుంచి. గుడ్డు పెట్టినా పెట్టకపోయినా ఉంటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఇట్లాంటి పిల్లల్ని బకెట్ నీళ్లలో ముంచేవాళ్లు. నేను ఇంకా మరిచిపోలేదు.

కాల్వగట్టు:
దయచేసి ఆపండి. నేను అమ్మడానికి పెంచడం లేదు. మా పాప క్యాలెండర్ మీద 28 రోజులూ గీతలు పెట్టుకుంటూ చూసింది. తమ్ముడూ, బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ, తెల్లది.

దేవరకొండ తమ్ముడు:
అందుకే అడిగాను అక్కా! ఎల్‌ఈడీ వెలుతురే తప్ప వేడి పెద్దగా ఇవ్వదు. పిల్ల పొద్దున్నుంచి చలిలోనే ఉంది. పాత రకం 60 వాట్ల పసుపు బల్బు పెట్టండి, గుడ్డలకూ అట్టకూ తగలకుండా. నోరు తెరిచి రొప్పితే కొంచెం పైకి కట్టండి.

పాలమూరు బాతులు:
ఇది నేను కూడా అడగలే. ముందు ఆ బల్బు మార్చు చెల్లె. ఒంటరిగా కూడా ఉంచొద్దు. మనుషుల వెంటే తిరగడం అలవాటైతే మందలో కలవదు. బాగున్న పిల్లల్లో ఒకదాన్ని తెచ్చి తోడు పెట్టు.

కృష్ణ ఒడ్డు:
తోడు మాట మంచిది. తొక్కకుండా మొదట మధ్యలో జాలీ అడ్డం పెట్టండి.

కాల్వగట్టు (మరుసటి రోజు):
పక్కింట్లో పాత బల్బు దొరికింది. గోనెసంచి వేశాను, కాళ్లు కట్టాను. తోడు పిల్లను పెట్టగానే అరుపు తగ్గింది. పొద్దున అయిదు చుక్కల నీళ్లు చప్పరించింది, మెడ ఒకటి రెండు నిమిషాలు నిలుపుతోంది. ఇంకా లేవలేదు. రాత్రి 3 గంటలకు కరెంటు పోయింది. అత్తమ్మే లేచి నీళ్లు కాచి సీసాలో పోసి ఇచ్చింది.

పాలమూరు బాతులు:
సీసా గుడ్డలో చుట్టినవా? నేరుగా తగిలితే కాలుతది. ఇవాళ రాత్రికి రెండు సీసాలు సిద్ధం చేసుకో.