లేబియాప్లాస్టీ: ట్రిమ్ ఎవరికి, వెడ్జ్ ఎవరికి?

ప్రశ్న:
యోని లోపలి పెదవులు పొడవుగా ఉండి, నడిచినా సైకిల్ తొక్కినా ఒరుసుకుని బాధపడేవారికి లేబియాప్లాస్టీలో (ఆ పెదవులను తగ్గించే సర్జరీలో) అంచు కోసేసే ట్రిమ్ మేలా, మధ్యలో ముక్క తీసి కుట్టే వెడ్జ్ మేలా? రెండింటికీ 90 శాతం పైనే సంతృప్తి అంటున్నారు. మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి?

జవాబు 1:
ముందు అంచు చూడండి. అది నల్లగా, ముడతలు పడి ఉండి, పోవాలని ఆమే కోరుకుంటే ట్రిమ్. అంచు బాగానే ఉంది, పొడవుతోనే ఇబ్బంది అంటే వెడ్జ్. 1998లో ప్లాస్టిక్ సర్జన్ గ్యారీ ఆల్టర్ వివరించిన ఈ పద్ధతిలో సహజమైన అంచు మిగులుతుంది, మచ్చ అంచు పొడవునా కాకుండా అడ్డంగా పడుతుంది. కాకపోతే ముదురు చర్మం పక్కకు లేత చర్మం వచ్చి, కుట్టు దగ్గర రంగు తేడా కనబడవచ్చు.

ఆ 90 శాతాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేమండి. చాలా అధ్యయనాల్లో ఫాలోఅప్ తక్కువ, ఎవరి ప్రశ్నావళి వారిదే.

జవాబు 2:
నా దృష్టిలో అసలు తేడా, ఏది ఎలా చెడుతుందన్నదే. వెడ్జ్‌లో బిగువు ఎక్కువైతే మొదటి వారాల్లోనే కుట్లు విడిపోతాయి, లేదా మధ్యలో చిన్న రంధ్రం మిగులుతుంది. అందుకే సన్నని (4-0 లేదా 5-0 సైజు) కరిగే దారంతో ముందు లోపలి పొర, తర్వాత చర్మం కుట్టాలి. పొగతాగేవారికి రక్తప్రసరణ తగ్గి గాయం సరిగా మానదు, కనీసం 4 వారాల ముందే మానిపించాలి.

వెడ్జ్ విడిపోయినా మళ్ళీ కుట్టుకోవచ్చు. ట్రిమ్‌లో ఎక్కువ కోసేస్తే పోయిన కణజాలం తిరిగి రాదు. గట్టిగా లాగిపట్టి గీత గీస్తే జరిగేది ఇదే: వదిలాక పెదవి దాదాపు మిగలదు. మత్తు మందు ఎక్కించాక ఉబ్బి కొలత తప్పుతుంది, కాబట్టి గుర్తులు అంతకు ముందే పెట్టాలి. కనీసం 1 సెం.మీ. పెదవి మిగిలేలా వదలాలి.

ప్రశ్న అడిగినవారు:
డీఎపిథీలియలైజేషన్ సంగతి? లేజర్ వాడితే ఫలితం మారుతుందా?

జవాబు 3:
లేజర్ కోసే పనిముట్టు, పద్ధతి కాదు. డీఎపిథీలియలైజేషన్‌లో పైచర్మం మాత్రమే ఒలుస్తారు, కింది నరాలు, రక్తనాళాలు అలాగే ఉంటాయి. పొడవు కొద్దిగా ఎక్కువైతే సరే. బాగా ఎక్కువైతే పెదవి మందంగా తయారవుతుంది.

క్లిటోరిస్ పై మడతను మరిచిపోకండి. కింద తగ్గించి దాన్ని వదిలేస్తే పైభాగం ఉబ్బెత్తుగా కనబడుతుంది. తగ్గించాల్సి వస్తే పక్కల చర్మమే తీయాలి, నరాలున్న మధ్యభాగంలో లోతుకు వెళ్లకూడదు.

సర్జరీ తర్వాత 6 వారాలు సంభోగం, సైకిల్ వద్దు. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది, అందుకే రివిజన్‌కు (మళ్ళీ సరిచేసే సర్జరీకి) కనీసం 6 నెలలు ఆగాలి.