పచ్చి హాప్స్ ఏల్: కొత్తొక వింతేనా, నిజంగా రుచిలో తేడా ఉందా?

నురగగ్లాసు:
మా దగ్గరున్న చిన్న బ్రూవరీ వాళ్లు హాప్స్ కోతల టైంలో, ఏడాదికి ఒక్కసారే చేసే పచ్చి హాప్స్ ఏల్ నిన్న తాగాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఏల్ అంటే ఒక రకం బీరు, హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పూలు. మామూలుగా ఈ పూలు కోశాక వేడిగాలిలో ఆరబెట్టి, పొడి చేసి, పెల్లెట్లుగా నొక్కి ఏడాది పొడవునా వాడతారు. ఇందులో మాత్రం ఆరబెట్టకుండా, కోసిన ఒకటి రెండు రోజుల్లోపే తీసుకొచ్చి బీరులో వేస్తారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే అప్పుడే కోసిన గడ్డి వాసన, దాని వెనకాలే నారింజ తొక్క. చేదు కూడా నాలుకని పట్టుకుని వదలకుండా ఉండదు, మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది. నాకు చాలా నచ్చింది. పక్కనున్న ఫ్రెండ్ మాత్రం "ఇది మామూలు పేల్ ఏలే, లేబుల్ మార్చారంతే" అని తేల్చేశాడు. మీరేమంటారు?

చేదుమాట:
నేను మీ ఫ్రెండ్ వైపే. పచ్చి హాప్స్‌లో దాదాపు 80 శాతం నీళ్లే ఉంటాయి, ఆరబెట్టాక అది 10 శాతం దగ్గరికి దిగుతుంది. అంటే కిలో ఎండు హాప్స్ చేసే పనికి నాలుగైదు కిలోల పచ్చివి కావాలి, కొందరు ఇంకా ఎక్కువే వేస్తారు. ఆ ఆకు తుక్కంతా బీరుని పీల్చుకుంటుంది, పైగా పచ్చి వగరు దింపుతుంది. ఇంకో సంగతి, ఆ కోతలో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు ఎంత ఉన్నాయో ల్యాబ్‌లో చూపించుకునే టైం ఉండదు కాబట్టి చాలామంది చేదు కోసం ముందు ఎండు పెల్లెట్లే వేసి, పచ్చివి చివర్లో వాసన కోసం వేస్తారు. మరి చేదంతా ఎండువాటిదే అయినప్పుడు బీరుకి పచ్చి హాప్స్ అని పేరెందుకు?

తీగపందిరి:
పేరు సంగతి పక్కన పెట్టి ఒక్కసారి హాప్స్ పువ్వుని చేత్తో చీల్చి చూడండి. నేను ఇంట్లోనే బీరు చేస్తాను, పెరట్లో కాస్కేడ్ రకం హాప్స్ తీగలు రెండున్నాయి. రేకుల మొదట్లో పసుపు రంగు పొడి ఉంటుంది, అదే లుపులిన్. చేదైనా వాసనైనా అందులోంచే. తాజా పువ్వులో అది జిగురుగా వేళ్లకి అంటుకుని, సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. అరవై డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడితే మిర్సీన్ లాంటి తేలిగ్గా ఆవిరయ్యే నూనెలు కొంత పోతాయి. మీరు వాసన కోసం అని తేలిగ్గా అనేసిన దాంట్లోనే అసలు తేడా అంతా ఉంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, పచ్చివి అస్సలు ఆగవు. మొదటి ఏడాది కోసిన పూలు సంచిలో మూటకట్టి రెండు రోజులు వదిలేశాను. చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది, వాసన చూస్తే పెంటకుప్ప! మొత్తం పారబోశాను, ఏడుపొచ్చింది.

నురగగ్లాసు:
అందుకే తోటలకి దగ్గరున్న బ్రూవరీలకే ఇది తేలిక. అమెరికాలో హాప్స్ ఎక్కువగా పండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో, అక్కడ ఈ బీర్లకి ఏటా ఒక పండగే జరుగుతుంది. సియెరా నెవాడా బ్రూవరీ వాళ్లు 1996లోనే యాకిమా నుంచి పచ్చి హాప్స్ కాలిఫోర్నియాకి తెప్పించుకుని హార్వెస్ట్ ఏల్ చేశారు. కేవలం లేబుల్ కోసమైతే అంత దూరం నుంచి అంత హడావుడిగా తెప్పించుకోవడం దేనికి?

చేదుమాట:
కష్టపడ్డారు కాబట్టి రుచి బాగుండాలని లేదు కదండీ. తీగపందిరి గారు చెప్పిన నూనెల మాట ఒప్పుకుంటాను, కానీ తేడా ఉండటం వేరు, మెరుగ్గా ఉండటం వేరు. నేను తాగిన సీసా తయారై మూడు నెలలైంది, అందులో గడ్డి లేదు, నారింజ లేదు, తడి అట్టపెట్టె వాసన తప్ప ఇంకేం లేదు. నిజంగా తేడా తెలుస్తుందంటారా, అదే బ్రూవరీ పేల్ ఏల్ రెండు గ్లాసులు, ఇది ఒక గ్లాసు పోయించుకుని, ఏది ఏదో చూడకుండా పట్టుకోండి.

తీగపందిరి:
మూడు నెలల సీసా తాగి ఈ బీరు మీద తీర్పు చెప్పడం అన్యాయం. ఇది దాచుకునే బీరు కానే కాదు, వారాల్లో తాగేయాలి. పరీక్ష మాత్రం మంచిదే, నేనూ చేస్తా.

నురగగ్లాసు:
నిన్న రాత్రి చేశాను. మా ఫ్రెండే పోశాడు, రంగు కనపడకుండా స్టీలు గ్లాసుల్లో. మూడు విడతల్లో రెండు సార్లు సరిగ్గా పట్టుకున్నాను. మూడు విడతలు లెక్కలోకి రావంటారని తెలుసు, నిజమే. కానీ తప్పింది మొదటి విడతలో, అన్నీ ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసి గడ్డకట్టేంత చల్లగా ఉన్నప్పుడు. పావుగంట ఆగాక ఆ గడ్డి వాసన మళ్లీ పైకొచ్చింది, ఈసారి మా ఫ్రెండ్ కూడా గ్లాసు దించకుండా రెండోసారి వాసన చూశాడు. ఇంకా నాలుగు సీసాలున్నాయి, ఆదివారం పది విడతలు చేసి ఇక్కడే రాస్తాను.