పరిశోధక బృందానికి విడిగా వ్యాసం ఉండాలా?

హబ్సిగూడ పాఠకుడు:
మన నగరంలోని ఒక జీవశాస్త్ర పరిశోధక బృందంపై తెలుగు వికీపీడియాలో వచ్చిన వ్యాసాన్ని తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను. నిన్న రాత్రి అందులోని 11 మూలాలనూ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. తొమ్మిది ఆ బృందం రాసుకున్న పత్రాలే. పదోది వారి సంస్థ వెబ్‌సైటు. మిగిలింది ఒక పత్రికా వార్త. సంస్థ ప్రకటనను పక్కన పెట్టుకుని చదివాను. ‘హర్షం వ్యక్తం చేశారు’ అన్న చివరి మాటతో సహా అక్షరం పొల్లుపోలేదు. బయటివారు స్వయంగా పరిశీలించి రాసింది ఒక్కటీ లేదు.

తార్నాక విద్యార్థిని:
ఉంచాలి. వారి పత్రాలను ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు ఉదహరిస్తున్నారు. మన పత్రికలు ప్రయోగశాల గడప తొక్కకపోతే ఆ తప్పు ఈ బృందానిదా? తెలుగులో చదువుకునే పిల్లలకు వీరి సంగతి ఎవరు చెబుతారు?

హబ్సిగూడ పాఠకుడు:
మీ బాధ నాదీ. కానీ ఉదహరించేవారు చర్చిస్తున్నది ఫలితాన్ని, బృందాన్ని కాదు. ఉదాహరణకు, 2005లో హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించింది. వాటిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. పరీక్షలు ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలోనూ పుణెలోనూ జరిగాయి. ఆ ప్రయోగంపై వ్యాసం రాయండి, నేనూ చేయి వేస్తాను. నమూనాలు పరీక్షించిన ప్రతి బృందానికీ పేజీ ఎందుకు?

అత్తాపూర్ వాసి:
సంస్థలో భాగమైనంత మాత్రాన విడి వ్యాసం కూడదనలేం. మా దగ్గరున్న లాకోన్స్, అంటే అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల, సీసీఎంబీలో భాగమే. 2006లో కృత్రిమ గర్భధారణతో అక్కడ చుక్కల దుప్పి పిల్ల పుట్టినప్పుడు ఎందరో రాశారు. దానికి వ్యాసం నిలుస్తుంది. ఈ బృందం సంగతి వేరు. ఆచార్యుడు పదవీ విరమణ చేస్తే విద్యార్థులు తలో దారి పడతారు. సంస్థ వ్యాసంలో విలీనం చేద్దాం.

తార్నాక విద్యార్థిని:
విలీనానికి, బృందం పేరుతో వెతికినవారు సంస్థ వ్యాసానికి చేరేలా దారిమార్పుకు ఒప్పుకుంటాను. సభ్యుల జాబితా మాత్రం తీసేయకండి. ఎండలో తిరిగి నమూనాలు తెచ్చింది ఆ పరిశోధక విద్యార్థులే.

హబ్సిగూడ పాఠకుడు:
సంస్థ వ్యాసంలో అంత జాబితా ఇమడదు. ఫలితం గురించి రాసే పేరాలో పత్రం రచయితలందరి పేర్లూ ఇస్తాను, ‘తదితరులు’ అని తేల్చేయను. ఆ పేరా రేపు సాయంత్రానికి చర్చా పేజీలో పెడతాను. మీరు చూసి సరిదిద్దండి.